మా కిటికీలో ఒంటికాలమ్మ

ఆ బొమ్మను మొదటిసారి చూసినప్పుడు, పాపం, ఈ పిల్లకు కాలిలో ముల్లు గుచ్చుకుంది అనుకున్నాను. మా వైపు పుట్టినవాళ్ళకు ఒంటికాలి మీద నిలబడిన మనిషి కనబడితే వచ్చే మొదటి ఆలోచన అదే. తుమ్మముల్లో, పల్లేరుకాయో, రేగుకంపో. ఎవరో ఒకరు వచ్చి పిన్నీసుతో తీసేదాకా అట్లా నిలబడక తప్పదు.

జానెడు పొడుగు పింగాణీ బొమ్మ అది. తెల్లగా, నున్నగా ఉండేది. ఎడమకాలి బొటనవేలి కొన మీద నిలబడి, కుడికాలిని పక్కకు నడుమెత్తున చాచింది. చేతులు రెండూ నెత్తి మీదికెత్తి గుండ్రంగా వంచింది, కుండ మోస్తున్నట్టు. కుండ మాత్రం లేదు. ఒక చెయ్యి రెండో చేతికంటే కొంచెం పొడుగు. పావడా కిందికి జారకుండా నడుము చుట్టూ అడ్డంగా నిలబడి ఉంది, ఎవరో జల్లెడ తెచ్చి తగిలించినట్టు. కళ్ళు దిద్దినవాడికి ఆ రోజు ఇంట్లో ఏం గొడవ జరిగిందో ఏమో, ఒక కన్ను ఆకాశం వైపు పెట్టాడు, రెండోది మనవైపు పెట్టాడు. మూతి ఒక ఎర్రటి చుక్క. ఇంత కష్టంలోనూ ఆ పిల్ల నవ్వుతూనే ఉంది. దాన్ని చూస్తే నాకు జాలీ వచ్చేది, నవ్వూ వచ్చేది.

దాన్ని నాకిచ్చింది మా దొరసాని, పాదిరి దొరగారి భార్య. నేను చదివిన ఆడపిల్లల బోర్డింగు బడిలో ఆమె మాకు కుట్టుపని, పాటలు నేర్పేది. నా పెళ్ళయిన మర్నాడు బంగళా వెనక వరండాలోకి పిలిచి, ఉన్నిగుడ్డలో చుట్టిన బొమ్మను విప్పి నా చేతిలో పెట్టింది. “నీ ఇంటిలో ఉంచుము. పెట్టెలో పెట్టవద్దు,” అంది. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు. నాకంటే ముందు పెళ్ళయిన పిల్లలందరికీ ఆమె మంచి కత్తెర ఇచ్చింది, సీమ ఉక్కుది. నేనూ ఆ కత్తెర మీదే ఆశ పెట్టుకుని ఉన్నాను. నిజం చెప్పాలంటే నాకు ఏడుపొచ్చింది. దొరసాని ఆ కళ్ళనీళ్ళు చూసి, బొమ్మ అంతగా నచ్చిందని అనుకున్నట్టుంది, నా భుజం తట్టింది.

మా ఆయనది ఉపదేశి పని. పగలు బడి చెప్పాలి, సాయంత్రం పాలెంలో ప్రార్థన పెట్టాలి, ఆదివారం అదే బడికొట్టంలో వాక్యం చెప్పాలి. మాకిచ్చిన పల్లె నల్లమల కింద, మహానందికి ఒక పూట బండి దూరంలో ఉంది. పాలెమంతా మా సంఘమే. అందరూ ఇతరుల చేలల్లో కూలి చేసుకునేవాళ్ళు, ఒకరిద్దరికి మాత్రం సొంత సేద్యం. మా ఆయన పని అప్పటికింకా ఖాయం కాలేదు. రెండేళ్ళు చూస్తామన్నారు. ఆ రెండేళ్ళు నిండాక పాదిరి దొరగారు స్వయంగా వచ్చి, ఇల్లూ బడీ చూసి, పుస్తకంలో ఒక మాట రాస్తారు. ఆ మాట బాగుంటే ఉంటాం. బాగలేకపోతే మూటాముల్లె సర్దుకుని మా మామగారి ఊరికి పోవాలి.

మా మామగారు ఒక మోతుబరి దగ్గర జీతగాడు. ఆ వంశంలో మడక వదిలి పలక పట్టినవాడు మా ఆయన ఒక్కడే. సన్నటి మనిషి, ఎప్పుడూ దగ్గు. ఎండలో ఒక పూట కలుపు తీస్తే రెండు రోజులు మంచం దిగేవాడు కాదు. ఆయన్ను మళ్ళీ ఆ చేలోకి పంపితే ఎక్కువ కాలం ఉండడని నాకు తెలుసు. ఆయనకూ తెలుసు. ఆ మాట ఇద్దరం పైకి అనుకునేవాళ్ళం కాదు.

ఇక బొమ్మను యాడ పెట్టాలన్నది మా కాపురంలో మొదటి తగాదా. పెట్టెలో పెట్టవద్దని దొరసాని మాట. ఆరు నెలలకొకసారి ఆమె దొరగారి వెంట బండిలో వచ్చేది, దొరగారు బడి పిల్లల్ని పరీక్ష చేస్తున్నప్పుడు ఒక్కతే మా ఇంట్లోకి వచ్చి ఆ బొమ్మను కాసేపు చూసుకుని పోయేది. కాబట్టి బయట ఉండాల్సిందే. మా ఆయనేమో మొహం ముడుచుకునేవాడు.

“ఏమే, సంఘం వచ్చి కూచునే ఇల్లు. ఈయమ్మకు మోకాళ్ళు కనపడతాండాయి గదా!”

“మోకాళ్ళున్నాయి కాబట్టి కనపడతాండాయి. లేకపోతే కనపడవు గదా,” అన్నాను. నా నోరు ఎప్పుడూ నా మాట వినేది కాదు.

అన్నానే గానీ, దానికి చీర కట్టి చూశాను. దారికి అవతలి మగ్గాలవాళ్ళు పారేసిన పేలిక దొరికితే అంచు మడిచి చుట్టాను. చాచిన కాలు అడ్డం వచ్చి చీర డేరా మాదిరి లేచి నిలబడింది. ముందుకంటే అన్యాయంగా కనబడింది. కొంగు కప్పుదామంటే ఎత్తిన చేతులు పట్టవు. మా ఆయన అటు తిరిగి నవ్వుకోవడం నేను చూశాను, నేను చూడలేదని ఆయన అనుకున్నాడు. చివరికి చీర విప్పేసి, బొమ్మను కిటికీ గట్టు మీద వీధివైపు తిప్పి పెట్టాను. ప్రార్థనకు వచ్చేవాళ్ళకు దాని వీపు మాత్రమే కనబడుతుంది, వీపులో తప్పు పట్టేదేమీ లేదు. చాలా తెలివైన పని చేశాననుకున్నాను. మా మీదికి వచ్చిందంతా ఆ తిప్పడం వల్లే వచ్చింది.

మా ఇల్లు పాలెంలో మొదటిది. మా కిటికీ ముందు పొడుగాటి దారి, దానికి రెండు పక్కలా కానుగచెట్లు, ఆ దారికి అవతల మగ్గాలవాళ్ళ ఇళ్ళ వెనక గోడలు. డోన్ రైలు మీద నూలు వస్తే, తెల్లవారినాక వాళ్ళు ఆ దారి పొడుగునా పడుగు దారాలు సాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుతూ ఈ కొస నుంచి ఆ కొసకు నడిచేవాళ్ళు. ఎండెక్కేలోపల ఆరబెట్టి చుట్టేయాలి. మా కిటికీకి నాలుగడుగుల దూరంలో నడిచేవాళ్ళు గానీ, మేము వచ్చి రెండేళ్ళు కావస్తున్నా ఆ ఇళ్ళ ఆడవాళ్ళు ఒక్కరూ నాతో మాట్లాడలేదు. మా నీడ పడితే పడుగు మైలపడుతుందేమోనని కొంగు లాక్కునేవాళ్ళు. నేను బోర్డింగు బడిలో చదివినదాన్ని, పొద్దున్నే స్నానం చేసి తల దువ్వుకునేదాన్ని. నాకు ఒళ్ళు మండేది. అప్పుడప్పుడు కావాలనే వాకిలి గట్టిగా ఊడ్చి దుమ్ము లేపేదాన్ని. దాన్ని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది, అప్పుడు సిగ్గు లేదు.

ఆ ఏడు వాన లేదు. మృగశిర పోయింది, ఆరుద్ర పోయింది. నల్లరేగడి నెర్రెలిచ్చింది, ఆ నెర్రెల్లో కాలు దిగబడి ఒక ఆవు కుంటిదైంది. రైతుకు పంట లేకపోతే చీర కొనేవాడు ఉండడు, కాబట్టి మగ్గాలవాళ్ళ మొహాలు కూడా మా పాలెం వాళ్ళ మొహాల మాదిరే ఎండిపోయాయి. ఒకరోజు పొద్దున నేను లోపల జొన్నలు విసురుతున్నాను. కిటికీ బయట ఎవరో ఆగినట్టయింది. తలెత్తి చూస్తే ఆ ఇళ్ళలో అందరికంటే పెద్ద ముసలామె, చేతిలో గంజి ముంత. వీధంతా ఆమెను అవ్వ అనేది.

“పాపా,” అంది. నన్నే. “ఎవరీయమ్మ? ఒంటికాలి మీద తపస్సు చేస్తాండాది?”

నేను విసరడం ఆపేశాను.

“ఏమో అవ్వా, దొరసానమ్మ ఊరిది,” అన్నాను.

“చేతులు రెండూ పైకెత్తినాది. ఒక కన్ను మోడం కోసం చూస్తాండాది. వాన కోసరమే నిలబడినాది. శానా గట్టి మనిషి,” అని, గంజి ముంత కింద పెట్టి, దండం పెట్టుకుని పోయింది.

అది దేవత కాదు అవ్వా, ఆడుకునే బొమ్మ, అని నేను అప్పుడే చెప్పాల్సింది. ఒక ఉపదేశి భార్యగా అది నా పని. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు బాగా తెలుసు. ఇన్నాళ్ళకు ఆ దారికి అవతలి మనిషి నన్ను పాపా అని పిలిచింది. ఆ పిలుపు నాకు ఎంత బాగుండిందో చెప్పలేను. ఒక్క మాటతో దాన్ని పోగొట్టుకోవడానికి మనసొప్పలేదు.

మర్నాడు కిటికీ కమ్మీల మధ్య నాలుగు తంగేడుపూలు. ఆ మర్నాడు పసుపు. మా ఆయన బడికి పోయినాక తడిగుడ్డతో గట్టు తుడిచేసేదాన్ని. అవ్వ రోజూ వచ్చేది, కిటికీకి అవతలే నిలబడి బొమ్మకు కష్టసుఖాలు చెప్పుకునేది, నాకు కూడా వినబడేటట్టే. ఒకరోజు ఆమె మొక్కుతున్న మాట విని నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

“అమ్మా, వాన పడాల. పొద్దున పూట వద్దు, పడుగు సాచింటాం. గంజి ఆరి, పడుగు చుట్టినాక, మధ్యాన్నం మీద పడితే మేలు.”

నాలుగు రోజులకు వాన పడింది. అవ్వ చెప్పిన వేళకు కాదు, సరిగ్గా పొద్దున్నే. దారి పొడుగునా తడి గంజితో పడుగు సాచి ఉన్నప్పుడు, తూర్పు నుంచి మోడం దబదబా వచ్చి కుమ్మేసింది. మగవాళ్ళు అరుస్తూ అటూ ఇటూ పరుగెత్తారు. అవ్వ కొడుకు పడుగు కొస పట్టుకుని, గంజి అంతా కాళ్ళ మీద కారుతుంటే, వానను తిట్టాడు, ఆకాశాన్ని తిట్టాడు. అవ్వ మాత్రం నడి దారిలో నిలబడి తడుస్తూ, “నోరు మూసుకోరా! ఆయమ్మకు వేళలు పెట్టినదాన్ని నేను. తప్పు నాది,” అని కేకేసింది. మా పాలెం జనం కూడా బయటికొచ్చి తడిశారు. ఆ ఒక్క పూట దారికి ఈ పక్క ఎవరు, ఆ పక్క ఎవరు అని ఎవరూ చూడలేదు. నేనూ తడిశాను. అంత సంతోషంగా నేను పెళ్ళిలో కూడా లేను.

వాన వెలిసినాక అవ్వ వచ్చింది. “ఇంక కాలు దించు తల్లీ, శానా సేపు నిలబడితివి,” అంది బొమ్మతో. కాసేపు ఆగింది. మళ్ళీ తొంగి చూసింది. కాలు దిగలేదు. అవ్వ మొహం వెలిగిపోయింది. వెనక్కి తిరిగి ఇళ్ళవైపు అరిచింది: “మేయ్! ఇంకా కాలు దించలేదు. అంటే ఇంకా వాన ఉండాది!”

ఆ మాటతో నా కొంప మునిగింది. అంతవరకూ అవ్వ ఒక్కతే. ఆ మర్నాటి నుంచి వీధి వీధంతా కదిలింది. పొద్దున్నే పనికి పోయేముందు ఆడవాళ్ళు వచ్చి ఒంటికాలమ్మ కాలు దించిందో లేదో చూసుకుని పోయేవాళ్ళు. మా ఇంట్లోకి అడుగుపెట్టరు, మా చేతి నీళ్ళు తాగరు, మా కిటికీకి మాత్రం దండం పెడతారు. నాకు నవ్వొచ్చేది, కోపమూ వచ్చేది. బనగానపల్లెలో కూతురినిచ్చిన ఒకామె ఆఖరి కాపు మామిడిపండ్ల బుట్ట తెచ్చి గట్టు మీద పెట్టింది. నేను ఊరుకున్నాను. పండ్లు బాగున్నాయి కూడా. ఆ తర్వాత ఎవరో టెంకాయ కొట్టారు, అదీ మా ఆయన బడి నుంచి మంచినీళ్ళకు వచ్చిన సమయంలో.

ఆయన టెంకాయచెక్క వైపు చూశాడు. గట్టు మీది పసుపు చూశాడు. నా మొహం చూశాడు.

“ఎన్నాళ్ళ నుంచి జరుగుతాండాది ఇది?”

చెప్పాను. మామిడిపండ్ల సంగతితో సహా చెప్పాను. ఆయన కోప్పడి ఉంటే నేనూ తిరిగి ఏదో అనేదాన్ని. ఆయన కోప్పడలేదు. గోడకు ఆనుకుని అట్లాగే జారి కూర్చున్నాడు. “దొరగారు వచ్చేది పై వారమే. ఉపదేశి ఇంట్లో విగ్రహానికి టెంకాయ. ఆయన పుస్తకంలో ఏమి రాస్తాడు?” అన్నాడు మెల్లగా. ఎవరో నన్ను పాపా అని పిలిచారని సంబరపడి, నా మొగుడి బతుకు తీసుకుపోయి కిటికీలో పెట్టాను. ఆ రోజు నన్ను నేను తిట్టుకున్నంతగా ఎవరినీ తిట్టలేదు.

వెంటనే బొమ్మను తీసి పెట్టెలో పెట్టేశాను. సాయంత్రానికి కిటికీ ముందు గుంపు. దేవతను పెట్టెలో పెడితే వాన నిలిచిపోతాదని అవ్వ ఏడుపు. అది దేవత కాదు, మనిషి చేసిన మట్టిబొమ్మ అని మా ఆయన కిటికీలోంచి వాళ్ళకు ఓర్పుగా, వాక్యం చెప్పినట్టు చెప్పాడు. అందరూ శ్రద్ధగా విన్నారు. విన్నాక, “సరేలే అయ్యా, ఆ మట్టిబొమ్మనే బయట పెట్టు,” అన్నారు.

దానికంటే పెద్ద దెబ్బ మా సంఘ పెద్ద దగ్గరి నుంచి వచ్చింది. విగ్రహాల సంగతిలో ఆయన నిప్పు. బిడ్డ మెడలో తాయెత్తు కనబడితే తల్లిని సంఘంలో నిలబెట్టి అడిగే మనిషి. ఆయన వస్తుంటేనే మా ఆయనకు చెమటలు పట్టాయి. ఆయన వచ్చి, గొంతు సవరించుకుని, ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూశాడు.

“ఉపదేశయ్యా, తప్పు తప్పే. నేను కాదనను. అయితే నా చేలో శెనక్కాయ ఇంకొక్క వాన అడుగుతాండాది. దొర వచ్చేదాకా ఆ బొమ్మ కిటికీలో ఉంటే ఏం పోతాది?”

అట్లా ఒంటికాలమ్మ మళ్ళీ కిటికీకి ఎక్కింది. దొరగారు వచ్చే ముందురోజు తీసేసి, గట్టు కడిగి, సున్నం పూసేద్దామని నిశ్చయించుకున్నాం. బకెట్లో సున్నం కూడా నానబెట్టాను.

దొరగారు రెండు రోజుల ముందే వచ్చాడు.

పొద్దున బడి మొదలుపెట్టిన కాసేపటికే వాగువంక అవతల గూడుబండి కనబడింది. నేను ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చేసరికి బండి మా ఇంటి ముందే ఆగింది. గట్టు నిండా తంగేడుపూలు, పసుపు, అప్పుడే కొట్టిన రెండు టెంకాయచెక్కలు. ఎదురుగా అవ్వ దండం పెట్టుకుని నిలబడి ఉంది. దొరగారు తాటిచెట్టంత మనిషి, గడ్డం తెల్లబడింది, నవ్వగా చూసినవాళ్ళు లేరు. గొడుగు మడిచి కిటికీ దగ్గరికి నడిచాడు. వంగి చూశాడు. మా ఆయన బడిలోంచి సుద్దముక్క చేత్తోనే వచ్చి నిలబడ్డాడు. పిల్లలంతా వెనకే వచ్చారు.

దొరగారి తెలుగు గ్రంథంలో తెలుగు. ముందు అవ్వనడిగాడు. “అమ్మా, నీవు దీనిని ఏమి అడుగుచున్నావు?”

అవ్వకు ఏ దొర అంటేనూ భయం లేదు. “వాన, దొరా. చేతులెత్తి ఒంటికాలి మీద నిలబడినాది. వాన కోసం గాక ఇంకెందుకు నిలబడతాది?”

దొరగారు మా ఆయన వైపు తిరిగాడు. “ఉపదేశీ, ఇది నీ ఇంటిలోనికి ఎట్లు వచ్చెను?”

మీ దొరసానే ఇచ్చింది అంటే అయిపోయేది. అంత చిన్న మాట. నేను దొరసాని వైపు చూశాను. ఆమె బండి దిగి చక్రం పట్టుకుని నిలబడి ఉంది. మొహంలో రక్తం లేదు. అప్పటికి గాని నాకు తెలియలేదు, ఈ బొమ్మ సంగతి దొరగారికి ఏనాడూ తెలియదని. నాకెందుకు ఇచ్చిందో, ఎందుకు పెట్టెలో పెట్టవద్దందో, ఆరు నెలలకొకసారి ఒంటరిగా వచ్చి ఎందుకు చూసుకునేదో ఒక్కసారిగా తెలిసింది. ఆ పిల్ల ముల్లు గుచ్చుకుని నిలబడలేదు, నాట్యమాడుతోంది. వాళ్ళ సంఘంలో నాట్యమంటే పాపమని, ఆడపిల్ల కాలు లయగా కదిలినా తప్పేనని మా బడిలో దొరగారే మాకు చెప్పేవాడు.

మా ఆయనకూ తెలిసినట్టుంది. ఆయన ఒకసారి దొరసాని వైపు చూసి, తల వంచుకున్నాడు. “నా ఇంట్లో ఉండేదానికి జవాబు నాదే దొరగారూ. ఈ పూలు, టెంకాయలు నేను ఆపలేకపోయినాను. తప్పు నాదే,” అన్నాడు.

ఆ మనిషి నీడకు కూడా భయపడేవాడని నేను ఎన్నిసార్లు ఎగతాళి చేశానో. ఆ క్షణంలో ఆయన మీద నాకు పుట్టెడు కోపం వచ్చింది, అంతకు రెండింతలు గర్వమూ వచ్చింది. నా నోరు మొదటిసారి నా మాట విని మూసుకునే ఉంది. కళ్ళ ముందు మాత్రం మా మామగారి ఊరు, ఆ చేను, ఆ ఎండ కనబడుతున్నాయి.

దొరగారు బండిలోంచి పుస్తకం తెమ్మన్నాడు. బండివాడు తెచ్చాడు. దొరగారు కలం మూత తీశాడు.

అప్పుడు దొరసాని చక్రం వదిలి ముందుకొచ్చింది. దొరగారితో వాళ్ళ భాషలో గబగబా ఏదో చెప్పింది. నాకు వచ్చిన కాస్త ఇంగ్లీషులో అందినవి రెండే సంగతులు, బొమ్మ వాళ్ళ అమ్మ ఇచ్చిందని, అప్పుడు తనకు పదహారేళ్ళని. దొరగారు కలం పట్టుకునే ఉన్నాడు. తాను చెప్పింది ఆయనకు పూర్తిగా తెలియలేదనుకుందో ఏమో, దొరసాని ఒక చేత్తో కానుగచెట్టు పట్టుకుంది. ఏభై దాటిన మనిషి, లావు మనిషి, కాళ్ళకు బరువైన తోలు బూట్లు. మడమ పైకెత్తింది. రెండో కాలు పక్కకు చాచింది, జానెడు ఎత్తుకు పోయి అది ఆగిపోయింది. తర్వాత చెట్టు కూడా వదిలేసి చేతులు రెండూ నెత్తి మీదికెత్తి గుండ్రంగా వంచింది. ఊగింది గానీ పడలేదు. రెండు ఊపిర్లంతసేపు నిలబడి ఉంటుంది.

బడి పిల్లలు నోళ్ళు తెరిచారు.

అవ్వ చేతులు జోడించింది. “ఓయమ్మో, ఈయమ్మేనా ఆయమ్మ!” అంది. తర్వాత బొమ్మను చూసి, దొరసానిని చూసి, జాలిగా, “మనిషి ఎంత ముసిలిదైపోయినాదో పాపం, వాన కోసం నిలబడి నిలబడి,” అంది.

దొరగారి గడ్డం కదిలింది. నేను మొదట కోపమనుకున్నాను. ఆయన టోపీ లేని తల వంచుకుని, భుజాలు ఎగురుతుండగా, ముక్కులోంచి వింత శబ్దం చేశాడు. నవ్వడం అలవాటు లేనివాళ్ళు అట్లాగే నవ్వుతారేమో. దొరసాని కాలు కింద పెట్టి ఆయన్నే చూస్తోంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పెదవులు నవ్వుతున్నాయి. ఆయన నవ్వు ఆపుకుని చాలాసేపు ఆమె వైపు చూశాడు. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషిని కొత్తగా చూస్తున్నట్టే ఉంది. తర్వాత జేబురుమాలు తీసి, కిటికీ కమ్మీల మధ్య చెయ్యి పెట్టి బొమ్మను బయటికి తీశాడు. దాని పాదం మీది పసుపు, పావడాలో ఇరుక్కున్న పూరేకులు ఓపికగా తుడిచి, దొరసాని చేతిలో పెట్టాడు.

అవ్వ ఊరుకోలేదు. “దొరా, మా వాన?” అంది.

“అమ్మా, వాన కొరకు దేవుని అడుగుదుము. నేనును అడుగుదును,” అన్నాడు దొరగారు. అవ్వ కొంచెం ఆలోచించింది. “మధ్యాన్నం మీద అడుగు దొరా. పొద్దున పూట పడుగులుంటాయి,” అని చెప్పి గంజి ముంత ఎత్తుకుని పోయింది.

ఆ తర్వాత ఆయన బడి చూశాడు. పిల్లల చేత లెక్కలు చెప్పించాడు, పాట పాడించాడు. నేను పెట్టిన కొర్రన్నం, పప్పు దొరగారూ దొరసానీ తిన్నారు. నేను వడ్డిస్తూ దొరగారి మొహంలో ఏమైనా దొరుకుతుందేమోనని వెతికాను, గడ్డం తప్ప ఏమీ దొరకలేదు. చివరికి పుస్తకం తెరిచి, అటు తిరిగి కూర్చుని ఏదో రాసి, మూసి మా ఆయన చేతికిచ్చాడు. బండి కదిలినప్పుడు దొరసాని ఒళ్ళో బొమ్మ ఉంది, దానిమీద గుడ్డ కప్పలేదు.

బండి వంక దాటేదాకా మా ఆయన పుస్తకం తెరవలేదు. చంకలో పెట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. నేనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి గడప మీద కూర్చోబెట్టాను. “చదువు. ఏదైతే అదైంది,” అన్నాను. నేనూ పక్కనే కూర్చున్నాను.

ఆయన తెరిచి, వేలు పెట్టి, చిన్నపిల్లల వాచకం చదివినట్టు ఒక్కో మాటా చదివాడు.

“బడి చూచితిని. బాగుగా నున్నది. ఇల్లు చూచితిని. ఈ ఇంట విగ్రహము లేదు. ఒక బొమ్మ యుండెను. అది నా భార్యది. ఉపదేశి ఇచ్చటనే యుండవలెను.”

మా ఆయన మూడుసార్లు చదివాడు. మూడుసార్లూ ఆయనకు దగ్గు రాలేదు. నేను మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చాను, నవ్వాను, మళ్ళీ ఏడ్చాను. గుండె మీది బండ ఎవరో ఎత్తి అవతల పడేసినట్టయింది. నాలుగోసారి చదవమని నేనే అడిగాను.